‘మే’ అనే గడి: మా అబ్బాయి వాలీబాల్ కాలేజీ వెతుకులాటలో నా అనుభవం

మా వంటింటి బల్ల మీద దాదాపు ఏడాదిన్నర పాటు ఒక పసుపుపచ్చ కాగితాల పుస్తకం పడి ఉండేది. అందులో మా అబ్బాయి చేరగలిగే కాలేజీల పేర్లు ఎడమవైపున, ఫీజు, కోర్సు, ఇంటి నుంచి దూరం, కోచ్ జవాబిచ్చిన తేదీ వంటి వివరాలు పక్క గడుల్లో రాసుకున్నాము. చివరి గడిని మాత్రం వాడే గీసి, పైన ‘మే’ అని రాశాడు. అదేమిటని అడిగితే, ఆ జట్టు మే నెలలో కూడా ఆడుతూ ఉండే అవకాశం ఎంత అని అర్థం నాన్నా, అన్నాడు. అమెరికాలో కాలేజీ పురుషుల వాలీబాల్ సీజన్ జనవరిలో మొదలై, ఏప్రిల్ చివరికి కాన్ఫరెన్స్ (ఒకదానితో ఒకటి ఆడే కాలేజీల కూటమి) టోర్నమెంట్లతో చాలా జట్లకు ముగిసిపోతుంది. జాతీయ ఛాంపియన్‌షిప్‌కు పిలుపు వచ్చిన కొద్ది జట్లకే మే నెల మిగులుతుంది. ఆ కొద్ది అంటే ఎంత అన్న ప్రశ్న మా ఇంటి నిర్ణయంలోకి ఎలా వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మేము ఒహాయోలో కొలంబస్ దగ్గర ఉంటాము. ఈ రాష్ట్రంలో అబ్బాయిల వాలీబాల్‌కు హైస్కూల్ క్రీడల సంఘం గుర్తింపు 2022-23 విద్యా సంవత్సరంలోనే వచ్చింది, మావాడు తొమ్మిదో తరగతిలో చేరినదీ ఆ సంవత్సరమే. నేను గుంటూరు జిల్లా పల్లెటూరి నుంచి వచ్చినవాడిని, సంక్రాంతి పందేలలో మట్టి కోర్టు మీద ఆడి, ఆ తర్వాత విశ్వవిద్యాలయం జట్టు తరఫున ఒకసారి సౌత్ జోన్ పోటీలకు వెళ్లినవాడిని. అక్కడి లెక్క సూటిగా ఉండేది: జోన్‌లో గెలిచి పైస్థానాల్లో నిలిస్తే అఖిల భారత పోటీలకు వెళతారు, లేకపోతే రైలెక్కి ఇంటికి వస్తారు. ఒక సంఘం కూర్చుని, ఓడిన జట్లలో ఎవరు మంచివారో చర్చించి పిలుపు పంపే పద్ధతి నేను ఎరుగను. ఇక్కడి వ్యవహారంలో నాకు అన్నిటికన్నా ఆలస్యంగా అర్థమైనది అదే.

కోచ్‌లు ఆటగాళ్లతో నేరుగా మాట్లాడటం పదో తరగతి ముగిసిన వేసవిలో జూన్ 15 నుంచి మొదలవుతుంది. మావాడికి అది 2024లో వచ్చింది. ఆ రోజు ఫోన్ దానంతట అదే మోగుతుందనుకుని ఉదయం నుంచి దాన్ని జేబులో పెట్టుకుని తిరిగాడు. ఒక్క పిలుపూ రాలేదు. మావాడు లిబెరో, అంటే వెనక వరసలో బంతిని అందుకోవడానికే ఉండే ఆటగాడు, ఎత్తు అయిదడుగుల పది అంగుళాలు. ఆరున్నర అడుగుల కుర్రవాడికి వచ్చినట్టు లిబెరోకు ఫోన్లు రావని క్లబ్ కోచ్ మాకు ముందే చెప్పి ఉంటే బాగుండేది. ఆ వారంలోనే కూర్చుని 43 మంది కోచ్‌లకు విడివిడిగా ఉత్తరాలు రాశాడు. వాటిలో 11 మంది జవాబిచ్చారు, అందులోనూ 6 జవాబులు తమ వేసవి శిబిరానికి డబ్బు కట్టి రమ్మనే ఆహ్వానాలే.

వీడియో విషయంలో తప్పు నాది. దాదాపు పదకొండు నిమిషాల వీడియోను, ప్రతి సెట్‌లోని మంచి ర్యాలీని కలుపుతూ, రెండు రాత్రులు కూర్చుని నేనే తయారు చేశాను. దాన్ని చూసిన ఒక కోచ్ మర్యాదగానే చెప్పాడు: కిందపడి బంతి లేపిన దృశ్యాలు కంటికి బాగుంటాయి కానీ తనకు కావలసింది ఎదురు సర్వీస్‌ను అందుకునేటప్పుడు కాళ్లు ఎలా కదులుతున్నాయో, పాస్ నెట్ దగ్గర సెట్టర్ (దాడి చేసేవారికి బంతిని ఎత్తి ఇచ్చే ఆటగాడు) చేతుల్లోకి చేరిందో లేదో అని. కొత్త వీడియో మూడు నిమిషాలే. అందులో మావాడు ఒక్కసారి కూడా డైవ్ చేయడు. జవాబులు ఆ తర్వాతే పెరిగాయి.

అసలు గండం చదువు వైపు నుంచి వచ్చింది. కాలేజీ క్రీడల పై అంచె అయిన డివిజన్ వన్‌లో ఆడాలంటే హైస్కూల్‌లో 16 కోర్ కోర్సులు, వాటిలో కనీసం 2.3 సగటు ఉండాలి. ఆ పదహారులో పది కోర్సులు పన్నెండో తరగతి మొదలయ్యేలోపే పూర్తయి ఉండాలి. మావాడి మార్కులు దానికి ఎంతో పైన ఉన్నాయి కాబట్టి నేను ధీమాగానే ఉన్నాను. అయితే వాడు వేసవిలో ఆన్‌లైన్‌లో పూర్తిచేసిన ఒక కోర్సు కాలేజీ క్రీడల జాతీయ సంఘమైన ఎన్‌సీఏఏ ఆమోదించిన జాబితాలో లేదని, దాన్ని లెక్కలోకి తీసుకోరని అర్హత కేంద్రం నుంచి వచ్చిన సందేశంలో చూశాము. ఆ కోర్సు అమ్మిన సంస్థ వాళ్లు ‘అన్ని కాలేజీలూ ఒప్పుకుంటాయి’ అని చెప్పారు. అది అబద్ధం కాదు, కాలేజీలు ఒప్పుకుంటాయి, క్రీడల అర్హత చూసేవారు ఒప్పుకోరు. ఈ రెండూ వేర్వేరు గుమ్మాలని మాకు చెప్పినవారు లేరు. స్కూల్ కౌన్సెలర్ పుణ్యాన మరో ఆమోదిత కోర్సు టైమ్‌టేబుల్‌లో ఇరికింది. పిల్లల్ని ఈ దారిలో పంపదలచినవారు కోర్సులో చేర్చే ముందే ఆ జాబితా తెరిచి చూసుకోవాలి.

డబ్బు సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను. చాలాకాలం పురుషుల వాలీబాల్‌లో డివిజన్ వన్ జట్టు మొత్తానికి నాలుగున్నర స్కాలర్‌షిప్పులే పరిమితి. మా బంధువుల్లో ఒకాయన ‘ఆ అర ఎవరికిస్తారు?’ అని నవ్వారు కానీ, నిజానికి ఆ నాలుగున్నరను ఇరవై మంది దాకా ముక్కలుగా పంచుకునేవారు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన పెద్ద ఒప్పందం తర్వాత, అందులో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయి, జట్టులో 18 మందే ఉండాలన్న పరిమితి వచ్చింది. మావాడి వంటి వారికి రెండోది పెద్ద దెబ్బ, ఎందుకంటే ఖర్చు తానే పెట్టుకుని జట్టు చివర్లో చోటు సంపాదించుకునే కుర్రవాళ్లే ముందు రాలిపోతారు. మాకు దొరికిన సాయంలో ఎక్కువ భాగం మార్కులకు వచ్చినదే.

ఇక ‘మే’ గడి సంగతి. జాతీయ పురుషుల ఛాంపియన్‌షిప్ 1970లో మొదలైంది. డివిజన్ వన్, టూ కాలేజీలు రెండూ కలిసి దీనికోసమే ఆడతాయి, డివిజన్ త్రీకి 2012 నుంచి వేరే పోటీ ఉంది. చాలా ఏళ్ల పాటు, 2013 వరకూ, చివరికి ఆడేవి నాలుగు జట్లే. అందులో మూడు చోట్లు తూర్పు ప్రాంతపు ఈఐవీఏ, మధ్య ప్రాంతపు ఎంఐవీఏ, పశ్చిమాన ఎంపీఎస్ఎఫ్ అనే కాన్ఫరెన్స్‌ల ఛాంపియన్లకు పోగా, మిగిలిన దేశమంతటికీ ఒక్క చోటు ఉండేది. బలమైన జట్లలో ఎక్కువ పశ్చిమానే ఉండేవి కాబట్టి, దేశంలో మూడో ర్యాంకు జట్టు ఇంట్లో కూర్చుని తనకన్నా బలహీనమైన జట్టు సెమీఫైనల్ ఆడటం చూసిన ఏళ్లు ఉన్నాయి. కాలిఫోర్నియా వెలుపలి జట్టు తొలిసారి గెలిచినది 1994లో, అది పెన్ స్టేట్.

2014లో కాన్ఫరెన్స్ కరోలినాస్ ఛాంపియన్‌కు నేరుగా చోటు ఇచ్చి, ఎంపిక సంఘం ఇష్టానికి వదిలిన ఎట్-లార్జ్ చోట్లను రెండు చేసి, ఆరు జట్లకు పెంచారు. 2018లో బిగ్ వెస్ట్ కాన్ఫరెన్స్ రావడంతో ఏడు. 2024లో నల్లజాతీయుల చారిత్రక కాలేజీలున్న ఎస్ఐఏసీ రావడంతో ఎనిమిది, 2025లో నార్త్ఈస్ట్ కాన్ఫరెన్స్‌తో తొమ్మిది. ఈ వరసను పసుపు కాగితం మీద రాసుకుని చూసినప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. 2014 తర్వాత 2025 దాకా పెరిగిన ప్రతి చోటూ ఒక కొత్త కాన్ఫరెన్స్‌దే, ఎట్-లార్జ్ చోట్లు మాత్రం రెండు దగ్గరే ఆగిపోయాయి. అంటే ఎవరో దయతలచి బల్ల పొడిగించలేదు, కింద కొత్త జట్లు పుట్టుకొచ్చో, ఉన్న జట్లు విడిపోయో, కాన్ఫరెన్స్‌గా కనీసం ఆరు జట్లు కూడి నిలిచిన తర్వాతే వాటికి కుర్చీ వేశారు. ఎస్ఐఏసీలో ఆ ఆరు జట్లు మొదలవడానికి ఫస్ట్ పాయింట్ వాలీబాల్ ఫౌండేషన్, యూఎస్ఏ వాలీబాల్ కలిసి 10 లక్షల డాలర్లు సమకూర్చాయి. ఆ కాన్ఫరెన్స్ నుంచి జార్జియాలోని ఫోర్ట్ వ్యాలీ స్టేట్ 2024లో జాతీయ పోటీకి వచ్చింది. గెలవలేదు, ఆ సంగతి వేరు.

మావాడికి ఈ వరసను నేను గర్వంగా చూపిస్తే, తనకు ఇదంతా ముందే తెలుసన్నట్టు ఫోన్ తీసి ఇంకో వార్త చూపించాడు. 2026 నుంచి 12 జట్లు.

ఆ అంకె చూడగానే సంతోషించినది నేనే, వాడు కాదు. అప్పటికి మా ముందు రెండు దారులు మిగిలాయి. ఒకటి బలమైన కాన్ఫరెన్స్‌లోని పెద్ద విశ్వవిద్యాలయం: పద్దెనిమిది మందిలో చివరి చోట్లలో ఒకటి ఇస్తామన్నారు, మొదటి రెండేళ్లు ఆడే అవకాశం లేదని ముఖం మీదే చెప్పారు. రెండోది ఇంటి నుంచి ఏడెనిమిది గంటల కారు ప్రయాణం దూరంలో, ఛాంపియన్‌కు నేరుగా చోటున్న చిన్న కాన్ఫరెన్స్‌లోని డివిజన్ టూ కాలేజీ. పన్నెండు అనగానే చిన్న కాలేజీలకు తలుపులు తెరుచుకున్నాయని నేను అనుకున్నాను. వాడు పెన్సిల్ తీసుకుని లెక్క వేశాడు. నేరుగా చోటున్న కాన్ఫరెన్స్‌లు 2025లో ఏడు. కొత్తది ఒకటి వచ్చిందనుకున్నా, ఎట్-లార్జ్ చోట్లు రెండు నుంచి నాలుగుకు తగ్గకుండా పెరుగుతాయి. వాటిని సంఘం ఎవరికి ఇస్తుంది? బలమైన ప్రత్యర్థులతో ఆడి గెలిచినవారికి, అంటే పెద్ద కాన్ఫరెన్స్‌లలో రెండో, మూడో, నాలుగో స్థానంలో నిలిచినవారికి. ఇన్నేళ్ల పెంపు ఎక్కువగా చిన్నవారిని లోపలికి తెచ్చింది, ఈ పెంపు మాత్రం ఎక్కువగా పెద్దవారి కోసమే. చిన్న కాలేజీకి నిన్న ఉన్నది ఒక్క చోటు, రేపు ఉండేదీ ఆ ఒక్క చోటే. కాబట్టి ‘మే’ గడిలో పెద్ద విశ్వవిద్యాలయం అంకె పెరిగింది, చిన్న కాలేజీది ఉన్నచోటే ఉంది.

ఇది అన్యాయమని నేను అనను. మూడో ర్యాంకు జట్టు ఇంట్లో కూర్చున్న రోజుల కన్నా ఇది మెరుగే, మే నెలలో చూసే ఆటలు గట్టిగా ఉంటాయి. కానీ పెంపు అనే ఒక్క మాట వెనుక రెండు వేర్వేరు పనులు ఉన్నాయని, వాటిని ఒకే సంచిలో వేయకూడదని నాకు నేర్పినది పదిహేడేళ్ల కుర్రవాడు.

దానికి ముందు, 2025 మే నెలలో, ఫైనల్స్ మా ఊళ్లోనే కొవెల్లి సెంటర్‌లో జరిగాయి. లాంగ్ బీచ్ స్టేట్ జట్టు యూసీఎల్ఏను వరుసగా మూడు సెట్లలో ఓడించింది. మోనీ నికొలోవ్ అనే బల్గేరియా కుర్రవాడు, సెట్టర్, సర్వీస్ చేయడానికి వెనక్కి నడుస్తున్నప్పుడు హాలు నిశ్శబ్దమైపోయేది. బంతి అవతలి కోర్టు తాకిన చప్పుడు మేము కూర్చున్న పైవరసల దాకా చెంపదెబ్బలా వినిపించింది. మావాడు బంతిని చూడటం మానేసి యూసీఎల్ఏ లిబెరో పాదాలనే చూస్తూ కూర్చున్నాడు. తిరిగి వస్తూ కారులో చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత, ఆ సర్వీస్‌ను నేను అందుకోగలనో లేదో బెంచీ మీద కూర్చుంటే ఎప్పటికీ తెలియదు, అన్నాడు.

అక్టోబరులో చిన్న కాలేజీకి వెళ్లాము. జిమ్‌లో చెక్క వరసలు ఒకవైపే ఉన్నాయి, రెండో వైపు గోడకు కట్టిన పరుపులు. కోచ్ తానే నెట్ కట్టి, కొలకర్రతో 2.43 మీటర్లు సరిచూసి, మావాడిని అరగంట సర్వీస్ అందుకోమన్నాడు. జాతీయ పోటీ గురించి నేను అడిగితే, వాళ్లను ఏ సంఘమూ పిలవదని, ఏప్రిల్‌లో మూడు రోజులు వరుసగా గెలిస్తే వెళతారని, ఓడితే పరీక్షలకు చదువుకుంటారని చెప్పాడు. నాకు సౌత్ జోన్ గుర్తొచ్చింది. ఇది నాకు తెలిసిన లెక్కే.

మా ఆవిడకు పెద్ద విశ్వవిద్యాలయం పేరు మీద మనసుండేది. నాకూ లేదని చెప్పలేను, హైదరాబాదులో ఎవరైనా అడిగితే ఆ పేరు చెప్పుకోవడం సులువు. నవంబరులో మావాడు చిన్న కాలేజీకే ఒప్పుకున్నాడు. 2024 అక్టోబరులోనే ఆ కాలేజీలోనే చేరతానని ఆటగాడు రాసిచ్చే పాత లెటర్ ఆఫ్ ఇంటెంట్ పద్ధతిని తీసేశారు కాబట్టి, ఇప్పుడు సంతకం పెట్టేది ఆర్థిక సాయం పత్రం మీద. అందులో సాయం ఒక ఏడాదికా నాలుగేళ్లకా అన్న వాక్యాన్ని మేము రెండుసార్లు చదివి, ఒకసారి ఫోన్ చేసి అడిగి, ఆ తర్వాతే పెట్టాము.

జూన్‌లో చివరి మార్కుల పత్రం స్కూల్ నుంచి నేరుగా అర్హత కేంద్రానికి వెళ్లాలి, అది ఒక్కటే మిగిలింది. పసుపు పుస్తకం ఇంకా బల్ల మీదే ఉంది. ఆ కాలేజీ వరసలో, ‘మే’ గడిలో, మొదట రాసిన శాతాన్ని మావాడు కొట్టేసి ‘3 మ్యాచ్‌లు’ అని రాసుకున్నాడు.