టెక్కలి స్టేషన్ కోసం కొన్న పుస్తకాలు

రైలు పుస్తకాలు పోగేయాలని నేనెప్పుడూ అనుకోలేదు. అనుకున్నదల్లా ఒక బల్ల మీద నారోగేజి రోజుల టెక్కలి స్టేషన్‌ని బుల్లిగా నిలబెట్టాలని. నౌపడలో ఉప్పుమళ్ల పక్క నుంచి బయల్దేరి, టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లే చిన్నబండి అది. 1900లో పర్లాకిమిడి రాజావారి పూనికతో మొదలైన లైను, 1931కి గుణుపురం చేరింది. 2004లో బండి ఆపేసి, పట్టాలు పీకి బ్రాడ్‌గేజి వేశారు. మా అమ్మమ్మగారి ఊరు అటువైపే. చిన్నప్పుడు సెలవులొస్తే ఆ రెండున్నర అడుగుల పట్టాల మీద ఊగుతూ వెళ్లేవాళ్లం.

చూసిన స్టేషనే కదా అని కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చుంటే ఒక్క గీత పడలేదు. ప్లాట్‌ఫారం ఎంత పొడుగు? ఎదురు బండికి దారివ్వడానికి వేసే పక్క పట్టా, అదే లూప్ లైను, దాంట్లో ఎన్ని పెట్టెలు పట్టేవి? ఇంజిను మొహం ఎటు తిప్పి ఉండేది? బోగీల రంగు గుర్తుంది, కిటికీ చువ్వల తుప్పు వాసన గుర్తుంది, కొలతలే లేవు. వాటి కోసం మొదలైన వెతుకులాట ఇవాళ బీరువాలో మూడు అరలు మింగేసింది. నాలుగో అరలో మా ఆవిడ పట్టుచీరలు ఉండబట్టి అక్కడ ఆగింది.

మనకి రైళ్లంటే ఇష్టమని చుట్టాలకి తెలిస్తే చాలు, పుట్టినరోజులకి పెద్ద పెద్ద బొమ్మల పుస్తకాలు వచ్చిపడతాయి. రాజమహళ్ల రైళ్లు, డార్జిలింగ్ మలుపులు, సూర్యాస్తమయంలో వంతెనలు. వాటిల్లో పొగ బ్రహ్మాండంగా కనబడుతుంది, పట్టా మాత్రం కనబడదు. ఇచ్చినవాళ్ల మీద గౌరవంతో ఉంచుకున్నాను గానీ నా డబ్బుతో అలాంటిది ఒక్కటీ కొనలేదు. దేశం మొత్తం చరిత్రకి రెండు పుస్తకాలు సరిపోయాయి. ఒకటి 1953లో రైల్వేలకు నూరేళ్లు నిండినప్పుడు రైల్వే మంత్రిత్వ శాఖ వేసిన జె.ఎన్. సహానిది. రెండోది నేషనల్ బుక్ ట్రస్ట్ వేసిన ఎం.ఎ. రావు గారి చిన్న పుస్తకం. ఏ కంపెనీ ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు ఎందులో కలిసింది అన్నది రావు గారిని చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను ముందు చెప్పేది ఆయన పుస్తకమే.

నా అసలు అర నిండింది ఆబిడ్స్‌లో. హైదరాబాదులో ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు, ఆదివారం షాపుల షట్టర్లు దించి ఉంటే వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుస్తారు. పొద్దున్నే వెళ్తే మంచి సరుకు, మధ్యాహ్నం దాటాక వెళ్తే మంచి ధర. నాకు కావలసినవాటికి గిరాకీ లేదు కాబట్టి నేను మధ్యాహ్నం మనిషిని. ఇంగ్లీషు పత్రికల గుట్టల్లో ఇళ్ల అలంకరణవీ, కార్లవీ తోసుకుంటూ పోతే అడుగున ఎప్పుడో ఒకసారి రైలు పత్రికలు తగులుతాయి. ఎక్కువగా రెండే: 1934లో అమెరికాలోని మిల్వాకీలో మొదలైన మోడల్ రైల్‌రోడర్, 1949లో మొదలైన బ్రిటిష్ పత్రిక రైల్వే మోడలర్.

"సార్, ఫారిన్ బుక్కు, మస్తు కలర్ ఫోటోలున్నయ్" అంటాడు అమ్మే కుర్రాడు.

"ఫోటోలొద్దు తమ్ముడూ, నలుపు తెలుపువి, గీతలున్నవి చూపించు."

అతని లెక్కలో రంగుల్లేని సంచికకి విలువ లేదు. నా లెక్కలో పాత సంచికల్లోనే స్కేలు ప్రకారం గీసిన డ్రాయింగులు ఎక్కువ. ఇద్దరం సంతోషంగా విడిపోతాం.

కొనే ముందు మధ్య పేజీ చూడాలి. డ్రాయింగు పెద్దదైతే నడిమి రెండు పేజీల మీదుగా వేస్తారు. ఎవరో ఒకరు పిన్నులు విప్పి దాన్ని లాగేసుకుని ఉంటారు, మిగతా పుస్తకం అట్టతో సహా నిక్షేపంగా ఉంటుంది. నా దగ్గరున్న రైల్వే మోడలర్ సంచిక ఒకదాంట్లో ఒక పల్లెటూరి గూడ్స్ షెడ్డు డ్రాయింగు ఉంది. పాత యజమాని ప్రతి కొలత పక్కనా పెన్సిలుతో అడుగుల్ని మిల్లీమీటర్లలోకి మార్చి రాసుకున్నాడు. తలుపు ఎత్తు దగ్గర రెండుసార్లు కొట్టేసి, మూడోసారి రాసి దాని చుట్టూ సున్నా చుట్టాడు. నేను మళ్లీ కట్టి చూశాను, మూడోదే కరెక్టు. ఇంకో సంగతి, ఇలాంటి డ్రాయింగు జిరాక్స్ తీయించేటప్పుడు కింద ఉండే స్కేలు గీత కూడా పడేలా తీయించాలి. పేజీకి సరిపెట్టడానికి యంత్రం కాస్త కుదించేస్తుంది, ఆ కాస్తకే ఇంజిను సొరంగంలో పట్టదు.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, ఎందుకంటే ఏ పుస్తకం కొనాలో నాకు చెప్పింది ఈ లెక్కే. ప్రపంచంలో ఎక్కువమంది వాడే మోడల్ స్కేలు హెచ్‌ఓ, అంటే 1:87, అసలు సైజులో 87వ వంతు. దాని పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. 87తో గుణిస్తే దాదాపు 1,435 మిల్లీమీటర్లు, అంటే యూరప్, అమెరికా వాళ్ల గేజి. మన బ్రాడ్‌గేజి 1,676. అదే స్కేలులో మనకి 19 మిల్లీమీటర్ల పైచిలుకు కావాలి. బజార్లో దొరికే పట్టాల మీద మన ఇంజిను పెడితే పెళ్లికొడుక్కి తమ్ముడి చెప్పులు తొడిగినట్టుంటుంది. బ్రాడ్‌గేజి చేసేవాళ్లు ఆ తేడా చూసీచూడనట్టు పోవాలి, లేదా పట్టాలు సొంతంగా వేసుకోవాలి.

నారోగేజికి మాత్రం అదృష్టం కలిసొచ్చింది. రెండున్నర అడుగులంటే 762 మిల్లీమీటర్లు, దాన్ని 87తో భాగిస్తే 8.76 వస్తుంది. హెచ్‌ఓ కన్నా చిన్నదైన ఎన్ అనే స్కేలు వాళ్ల పట్టా సరిగ్గా 9 మిల్లీమీటర్లు. అంటే ఎన్ స్కేలు ఇంజిను కొని, పై పెట్టె ఊడదీసి, కింది చక్రాల మీద 1:87 కొలతతో మన నారోగేజి ఇంజిను ఒళ్లు కట్టుకోవచ్చు. యూరప్‌లో ఇలా చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, బ్రిటన్ వాళ్లు తమ 1:76 స్కేలులో ఇదే పని చేస్తారు. ఈ ముక్క అర్థమయ్యాక అమెరికా పెద్ద లైన్ల పుస్తకాలు కొనడం మానేసి, బ్రిటిష్ నారోగేజి పుస్తకాల మీద పడ్డాను.

ఆ దారిలోనే ఎవరార్డ్ కాల్‌త్రాప్ అనే ఇంజినీరు తగిలాడు. మహారాష్ట్రలో 1897లో మొదలైన బార్సీ లైట్ రైల్వే ఆయనదే. మన పర్లాకిమిడి లైనులాగే రెండున్నర అడుగుల గేజి. ఇరుసుకి 5 టన్నుల బరువు మించకుండా ఇంజిన్లూ వ్యాగన్లూ కట్టించి, తేలికపాటి పట్టాల మీద కూడా మంచి సరుకు లాగొచ్చని చూపించాడు. తర్వాత ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్‌లో లీక్ అండ్ మానిఫోల్డ్ అని ఓ చిన్న లైనుకి అదే గేజి, అదే పద్ధతి పట్టుకెళ్లాడు. 1904లో తెరిచారు, 1934లో మూసేశారు. ఆ లైను ఇంజిన్లకి ముందు ఎండదేశాల తరహా పెద్ద హెడ్‌లైటు కూడా ఉండేది. అంతా కలిపి చూస్తే మన బార్సీ బండి చలికోటు వేసుకుని నిలబడ్డట్టే. ముప్పయ్యేళ్లు కూడా బతకని ఆ లైను మీద అభిమానులు వేసిన డ్రాయింగులు అన్నీ ఇన్నీ కావు. నూరేళ్లు నడిచిన మన లైనుకి నాకు ఒక్కటి దొరకడమే గగనమైంది. కడుపు మండినా వాళ్లవి కొనుక్కున్నాను. రెండున్నర అడుగుల పట్టాల మీద ఏ సైజు చక్రం, ఏ సైజు బాయిలరు ఉంటే ఎలా ఉంటుందో వాటిని చూసే నేర్చుకున్నాను.

మన దేశపు ఇంజిన్లకి పెద్దబాలశిక్ష అనదగ్గది హ్యూ హ్యూస్ అనే బ్రిటిష్ ఆయన తయారుచేసిన నాలుగు భాగాల జాబితా, 1990లలో వచ్చింది. మొదటిది బ్రాడ్‌గేజి, రెండోది మీటర్‌గేజి, మూడోది నారోగేజి, నాలుగోది 1941 తర్వాతవి. కథ ఉండదు, పట్టికలే. ఏ కంపెనీ కట్టింది, ఏ ఏడు, చక్రాల అమరిక ఏమిటి, ఏ నంబరు ఏ నంబరుగా మారింది. నాలుగూ కొనాలని ఆశపడితే జేబు ఒప్పుకోదు, నాకు కావలసిందల్లా మూడోదే. అది ఇంగ్లండు పాత పుస్తకాల దుకాణంలో దొరికింది. లీడ్స్‌లో ఉన్న మా మేనల్లుడి ఇంటికి పంపించమన్నాను, వాడు సంక్రాంతికి వచ్చేటప్పుడు సూట్‌కేసులో తెచ్చాడు. "మావయ్యా, అందరూ చాక్లెట్లు తెమ్మంటారు" అని సణిగాడు గానీ తెచ్చాడు. 2019 బడ్జెట్‌లో దిగుమతి పుస్తకాల మీద 5 శాతం సుంకం వేశారు. నిజానికి సుంకం కన్నా కొరియర్ వాళ్లు వేసే చార్జీలే ఎక్కువ బాధ. మేనల్లుళ్లు ఉన్నవాళ్లు వాడుకోండి.

ఇంత చేసినా, నా బీరువాలో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఎవరూ పుస్తకమని ఒప్పుకోని వస్తువు: పాత టైంటేబుల్. దేశం మొత్తానికీ వేసే టైంటేబుల్ ట్రెయిన్స్ ఎట్ ఎ గ్లాన్స్‌లో పెద్ద బండ్లే ఉంటాయి. చిన్న లైన్ల పాసింజర్లు కావాలంటే జోనల్ టైంటేబుల్ వెతకాలి, మా లైనుకైతే ఆగ్నేయ రైల్వేది. సింగిల్ లైను మీద ఎదురెదురు బండ్లు రెండు ఒకే స్టేషన్లో కొద్ది నిమిషాల తేడాతో కనబడ్డాయంటే అక్కడ క్రాసింగ్ ఉన్నట్టే, క్రాసింగ్ ఉందంటే లూపు ఉన్నట్టే. రెండు స్టేషన్ల మధ్య దూరం, పట్టే టైము చూస్తే బండి ఎంత నింపాదిగా పోయేదో తెలుస్తుంది. జాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే అమెరికా ఆయన 1963లో మోడల్ పట్టాల ప్లానింగ్ మీద రాసిన పుస్తకం నా దగ్గరుంది. అందులో నేను పట్టుకున్న ముక్క ఒక్కటే, ముందు ఏ బండి ఎందుకు వస్తుందో తేల్చుకుని తర్వాత పట్టాలు గీయమని. ఆ పుస్తకం, ఈ టైంటేబుల్ పక్కపక్కన పెట్టుకున్నాకే నా కాగితం మీద మొదటి గీత పడింది.

టైంటేబుల్‌కి పెద్దన్న వర్కింగ్ టైంటేబుల్. రైల్వే సిబ్బంది కోసం వేసేది, బయట అమ్మరు. మా అమ్మమ్మగారి వీధిలో ఉండే రిటైర్డ్ గార్డు తాతగారి దగ్గర, కాలం చెల్లిన కాపీ ఒకటి అటక మీద ఉందని తెలిసి వెళ్లాను.

"ఏటి నాయనా, పోయిన బండికి టైంటేబులు ఏటి సేసుకుంతావు?" అన్నారు.

"బల్ల మీద నడుపుతాను తాతగారూ."

ఆయన నవ్వలేదు. కళ్లజోడు తుడుచుకుని పేజీ తిప్పి, గోరుతో ఒక గడి మీద గీరారు. "ఇక్కడ చాలాసేపు ఆగినట్టు ఉంది, సూసినావా? జనం కోసం కాదు, ఇంజిను నీళ్ల కోసం. నీ బల్ల మీద కూడా ఆపాల మరి." ఎంత వేగం మించకూడదు, ఎక్కడ ఎత్తు ఎక్కాలి, ఏ స్టేషన్లో ఎన్ని పెట్టెలు పడతాయి, అన్నీ అందులో ఉన్నాయి. ప్లాట్‌ఫారం పొడుగు కోసం నేను పడ్డ తిప్పలకి జవాబు ఆ నలిగిన కాగితాల్లో దొరికింది. పుస్తకం మాత్రం ఇవ్వలేదు, పక్కనే కూర్చుని జిరాక్స్ తీయించారు. ఆయన మాట మీద గౌరవంతో ఆ కాపీ నేనెవరికీ ఇవ్వను, అడగొద్దు.

కాపీరైటు తీరిపోయిన పాత పుస్తకాలకి ఇంటర్నెట్ ఆర్కైవ్ ఉంది. హడిల్‌స్టన్ 1906లో రాసిన ఈస్ట్ ఇండియన్ రైల్వే చరిత్ర లాంటివి ఊరికే దొరుకుతాయి. మొత్తం ప్రింటు తీయించడం దండగ. కావలసిన పేజీలు తీయించి స్పైరల్ బైండింగ్ చేయిస్తే చాలు.

ఒక అరలో ఒక మూల తెలుగుకి ఇచ్చాను. సాంకేతికంగా రైళ్ల మీద తెలుగులో నాకు దొరికింది తక్కువ, కాబట్టి కథలతో నింపాను. మొక్కపాటివారి పార్వతీశం నరసాపురం నుంచి పడవలో నిడదవోలు చేరి మద్రాసు రైలెక్కే ఘట్టం, 1924 నాటిది. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పోటీలో రెండో బహుమతి తెచ్చుకున్న పాలగుమ్మి పద్మరాజుగారి 'గాలివాన'. రైలు పుస్తకాల మధ్య ఇవేమిటని అడిగిన మిత్రులున్నారు. మనుషులు ఎలా కూర్చునేవారో, సామాను ఎక్కడ పెట్టేవారో, వానొస్తే స్టేషన్ ఎలా ఉండేదో హ్యూస్ పట్టికల్లో ఉండదు. నా మోడల్ ప్లాట్‌ఫారం మీద నిలబెట్టే అంగుళంలోపు మనుషులకి ఎవరో ఒకరు నడక నేర్పాలి కదా.

సర్దడంలో నా పద్ధతి రచయిత పేరుని బట్టి కాదు, గేజిని బట్టి. ఎక్సెల్‌లో ప్రతి పుస్తకానికీ ఒక వరస, చివరి గడిలో "ఏ పేజీలో ఏ డ్రాయింగు" అని. ఆ గడి రాయకపోతే ఇంట్లో ఉన్న డ్రాయింగు కోసమే మళ్లీ ఆబిడ్స్ తిరగాల్సి వస్తుంది. ఫుట్‌పాత్ సరుకుని నేరుగా బీరువాలో పెట్టను. ముందు విడిగా అట్టపెట్టెలో కలరా ఉండలు వేసి కొన్ని వారాలు ఉంచుతాను. పురుగు ఉంటే అక్కడే బయటపడుతుంది. తుప్పు పట్టిన పిన్నులు తీసేసి నూలు దారంతో కుడతాను. సెలోటేపు మాత్రం వద్దు, కొన్నేళ్లకి పచ్చబడి అక్షరాల్ని కూడా పట్టుకుపోతుంది.

ఇప్పటికి టెక్కలి ప్లాట్‌ఫారం, లూపు, గూడ్స్ షెడ్డు కాగితం మీద పూర్తయ్యాయి. పట్టాలు పరవడం మొదలుపెట్టాను. స్టేషన్ భవనం వెనకవైపు ఎలా ఉండేదో మాత్రం నా దగ్గరున్న ఏ కాగితంలోనూ లేదు. అందరూ ముందువైపు నిలబడే ఫోటో దిగారు. టెక్కలి, టెంబూరు, పాతపట్నం వైపు ఎవరింట్లోనైనా 2004కి ముందు తీసిన పెళ్లి ఫోటోలోనో, పిక్నిక్ ఫోటోలోనో ఆ వెనకగోడ పడి ఉంటే చెప్పండి. ఫోన్లో తీసిన ఫోటో అయినా చాలు, పక్కన ఒక మనిషి నిలబడి ఉంటే మరీ మంచిది, ఎత్తు లెక్క కట్టుకుంటాను.