మానిటర్‌కి బొట్టు బిళ్ల

మొదట చెవిపోటే అనుకున్నాను. ఎడమ చెవి లోపల సలుపు, పొద్దున్న లేచేసరికి కణతల్లో బరువు, ఆవలిస్తే దవడ దగ్గర టక్కుమని చప్పుడు. చెవి డాక్టరు లైటు వేసి చూసి, "చెవి బాగానే ఉంది, పళ్ల డాక్టరుకి చూపించుకోండి" అన్నారు. చెవి నొప్పికి పళ్ల డాక్టరేమిటని విసుక్కుంటూనే వెళ్లాను.

ఆవిడ నోరు తెరిపించి చూసి, "రాత్రుళ్లు పళ్లు కొరుకుతారా?" అని అడిగారు. లేదన్నాను. పక్కనున్న మా అత్తగారు ఊరుకుంటారా! "ఎందుకు కొరకదమ్మా, ఎలక పెట్టె కొరికినట్టు ఒకటే చప్పుడు. చెప్తే బాధపడుతుందని నేనే ఊరుకున్నాను" అన్నారు. డాక్టరు చిన్న అద్దంలో చూపించారు. వెనక దంతాల మొనలు అరిగి చదునైపోయాయి. చెంప మీద ఒకచోట వేలితో నొక్కితే చెవిలో కలుక్కుమంది. దవడ కీలు చెవికి ఆనుకునే ఉంటుంది కదా, నొప్పి అలా మోసం చేస్తుందట.

"టెన్షన్ ఏమైనా ఉందా?" అంటే ఏం చెప్పను? విజయనగరంలో ఓ టాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో లెక్కలు చూస్తాను. నెలనెలా జీఎస్టీ వేసేవాళ్లకి 11వ తేదీలోపు అమ్మకాల రిటర్ను, 20లోపు పన్ను లెక్క తేల్చి కట్టే 3బి రిటర్ను. దాటితే రోజుకి 50 రూపాయల లేటు ఫీజు. గంటస్తంభం దగ్గరి కొట్లవాళ్లు బిల్లులన్నీ కవర్లో కుక్కి, 19 సాయంత్రం టేబుల్ మీద బోర్లిస్తారు. "మీరున్నారు కదా మేడం" అంటారు. నొప్పి కూడా సరిగ్గా ఆ తేదీలకే ఎక్కువయ్యేదని అప్పుడు తట్టింది.

రాత్రికి పళ్లకి తొడుక్కునే నైట్ గార్డ్ ఇచ్చారు. అది పళ్లు అరక్కుండా కాపాడుతుందే గానీ కొరకడాన్ని మాన్పించదని ముందే చెప్పారు. పగటిపూట నేను చూసుకోవాల్సింది ఒకటే: పెదవులు కలిసి ఉండొచ్చు, పళ్లు మాత్రం విడిగా ఉండాలి. నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పై పళ్లు, కింది పళ్లు తగలక్కర్లేదట. నాకు ఆ సంగతే తెలియదు.

గుర్తుండటానికి మానిటర్ అంచున ఎర్ర బొట్టు బిళ్ల అంటించాను. కన్ను దాని మీద పడితే దవడ వదులు చెయ్యడం. తొలిరోజుల్లో ఎప్పుడు చూసుకున్నా పళ్లు బిగిసే ఉండేవి. "కంప్యూటర్‌కి పూజ చేశారా మేడం?" అని ఒకాయన అడిగాడు. వంటింట్లో ఫ్రిజ్‌కి ఇంకొకటి అంటించాను.

సాయంత్రం టీ మానేశాను. ఫోన్ ఛార్జర్ హాల్లోకి మార్చాను. పడుకునే ముందు చెంపలకి వేడి గుడ్డతో కాపడం. నొప్పిగా ఉన్నన్నాళ్లూ అత్తగారు పొద్దున్నే చోడి (రాగి) అంబలి కాచి ఇచ్చారు, నమిలే పని లేకుండా. ఊపిరి లెక్కపెట్టమని ఎవరో చెప్తే అదీ చూశాను. లెక్కపెడుతుంటే ఆఫీసు లెక్కలే గుర్తొచ్చి వదిలేశాను. దానికన్నా చీకటి పడకముందు అయ్యకోనేరు గట్టు మీద నడకే నాకు కుదిరింది.

కణతల బరువు ముందు తగ్గింది, చెవి సలుపు చాలా మెల్లగా. బిల్లులు 7వ తేదీకల్లా వాట్సాప్‌లో పంపమని అందరికీ చెప్పాను. సగం మంది పంపుతున్నారు. గార్డు ఇంకా వాడుతున్నాను. జంతికలు మాత్రం కుడివైపే నములుతున్నాను.