తిరుగు బండి టైం చూశాకే బయల్దేరే టైం

కారు లేకుండా ఒక్కరోజులో సముద్రం చూసి రావాలనుకునేవాళ్లు ఎక్కువమంది పొద్దున బయల్దేరే బండి దగ్గర లెక్క మొదలుపెడతారు. ఆ లెక్క సాయంత్రానికి తప్పుతుంది. పొద్దున బండి తప్పితే పోయేది ఒక గంట, తర్వాతి దానిలో వెళ్తారు. రాత్రి ఆఖరు బండి తప్పితే తడి బట్టలతో, నిద్రకు తూలే పిల్లలతో, తెలియని ఊళ్లో నిలబడిపోతారు. అందుకే కాగితం మీద మొదట రాయాల్సింది తిరుగు బండి టైం. రాసేది ఆఖరు బండిది కూడా కాకూడదు, దాని ముందు బండిది అవ్వాలి. ఆఖరు బండిని మీ లెక్కలో కలపకండి. లెక్క తప్పిన రోజున ఆదుకోవడానికి దాన్ని పక్కన పెట్టుకోండి.

అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి. ఆఖరు దానికి ముందు బండి సాయంత్రం 6.50కి అనుకుందాం. ప్లాట్‌ఫాం మీద 15 నిమిషాల ముందు ఉండాలి, అంటే 6.35. ఒడ్డు నుంచి స్టేషన్‌కు దారి 1.8 కిలోమీటర్లు. పొద్దున గంటకు 5 కిలోమీటర్లు నడిచే మనిషి, సాయంత్రం ఎండకు అలిసి, సామాను మోస్తూ, పిల్లల చెయ్యి పట్టుకుని 3 కిలోమీటర్లకు మించి నడవడు. అంటే 36 నిమిషాలు, టైం 5.59. ఒళ్లు కడుక్కుని, ఇసుక దులుపుకుని, బట్టలు మార్చుకుని, సామాను సర్దడానికి అరగంట. కాబట్టి నీళ్లలోంచి బయటికి రావాల్సిన టైం 5.29. నలుగురున్న కుటుంబానికి ఈ అరగంట బొటాబొటిగా సరిపోతుంది. బట్టలు మార్చుకునే గది దగ్గర క్యూ ఉంటే చాలదు, పొద్దుగూకే వేళ అక్కడ క్యూ ఉండనే ఉంటుంది. 5.29కి ఒక అలారం, దానికి పావుగంట ముందు ఇంకొకటి పెట్టుకోండి. మొదటిది మోగినప్పుడు పిల్లలకు "ఇంకో పది అలలు" అని లెక్క చెప్పొచ్చు. "టైమైంది" అనేదాని కంటే ఆ లెక్కకు తొందరగా ఒప్పుకుంటారు.

ఎంత దూరం వెళ్లొచ్చు అన్నదానికీ ఈ కాగితమే జవాబు చెబుతుంది. ఇంటి గుమ్మం నుంచి ఒడ్డు దాకా రెండున్నర గంటలు దాటుతుంటే ఒక్కరోజు ప్రయాణం మానుకోవడమే మంచిది. రానూపోనూ పట్టే టైం కంటే అక్కడ ఉండే టైం తక్కువైతే, రోజంతా కిటికీ పక్కన కూర్చున్నట్టే గడిచిపోతుంది. మధ్యలో బండి మారడం ఒక్కసారికి మించకూడదు. మారే చోట ఎంత వ్యవధి కావాలన్నది రెండో బండి ఎన్ని నిమిషాలకు ఒకటి వస్తుందన్నదాని మీద ఆధారపడుతుంది. పది నిమిషాలకో బస్సు ఉంటే 5 నిమిషాల తేడా చాలు. గంటకొకటే ఉంటే కనీసం 20 నిమిషాలు ఉంచుకోవాలి. తిరుగు ప్రయాణంలో దానికి ఇంకో పది కలపండి.

టైంటేబుల్ చదివేటప్పుడు అంకెల కంటే పక్కనుండే గుర్తులు ముఖ్యం. ఆదివారాలకూ సెలవులకూ టైములు వేరుగా ఉంటాయి. సముద్రతీరపు ఊళ్లలో సీజన్‌కూ మామూలు రోజులకూ కూడా వేరుగా ఉంటాయి. "సెలవు రోజుల్లో నడవదు" అన్న చిన్న చుక్క మీరు నమ్ముకున్న ఆఖరు బస్సు పక్కనే ఉండొచ్చు. పట్టాల పనులు కూడా ఎక్కువగా వారాంతాల్లోనే పెట్టుకుంటారు, అప్పుడు రైలు బదులు బస్సు వేస్తారు, దానికి టైం ఎక్కువ పడుతుంది. ఫోన్ మ్యాపుల్లో కనిపించే బస్సు టైములు రవాణా సంస్థలు ఇచ్చే ఫైళ్ల నుంచి వస్తాయి. ఈ పద్ధతి 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో మొదలైంది. ఫైలు పాతదైతే మ్యాపు పాత టైమునే చూపిస్తుంది. అందుకని నడిపే సంస్థ సొంత పేజీలో రెండుసార్లు చూడండి, అనుకున్న రోజున ఒకసారి, బయల్దేరే ముందు రాత్రి ఒకసారి.

స్టేషన్ పేరులో ఊరి పేరుంటే ఊరి మధ్యలోనే ఉందని అనుకోకండి. తీరం వెంట బురదనేలలు, కాలువలు ఉన్నచోట రైలుమార్గం లోపలికి జరిగిపోతుంది. మ్యాపులో ఒడ్డు 800 మీటర్లే అనిపించినా మధ్యలో ఒక కాలువ ఉండి, దాని మీద వంతెన రెండు కిలోమీటర్ల అవతల ఉండొచ్చు. నడక దారి పెట్టి చూస్తేనే నిజమైన దూరం బయటపడుతుంది. ఒడ్డుకు చేరాక ఇసుకలో నడక లెక్క ఇంకా వేరు. పొడి ఇసుకలో నడవడానికి గట్టి నేల మీద కంటే రెండింతలకు పైగా శక్తి ఖర్చవుతుంది, అడుగు వేసిన ప్రతిసారీ ఇసుక కింద నుంచి జారిపోవడమే కారణం. దూరం నడవాలంటే అల వెళ్లిపోయిన తడి మీద నడవండి, అక్కడ ఇసుక గట్టిగా ఉంటుంది.

ఆ తడి నేల ఎంత వెడల్పు ఉంటుందో చెప్పేది ఆటుపోట్లు. బండి టైములు చూసినంత శ్రద్ధగా వీటినీ చూడాలి. నీళ్లు ఒడ్డు మీదికి ఎక్కితే పోటు, వెనక్కి దిగితే ఆటు. చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. కాబట్టి ఇవాళ మధ్యాహ్నం 12కి వచ్చిన పోటు రేపు దాదాపు 12.50కి వస్తుంది. ఇలా రోజుకు 50 నిమిషాల చొప్పున వారం జరిగితే ఆరు గంటలకు దగ్గర పడుతుంది, అంటే పోటు ఉన్న చోటికి ఆటు వస్తుంది. ఈ ఆదివారం మధ్యాహ్నం నీళ్లు గట్టు దాకా వచ్చేస్తే, వచ్చే ఆదివారం అదే వేళకు వెడల్పాటి ఇసుక బయటపడి ఉంటుంది. పిల్లలతో వెళ్లేవాళ్లు ఆ రెండో ఆదివారం ఎంచుకోవాలి. ఆడుకోవడానికి చోటు ఉంటుంది, రాళ్ల మధ్య గుంటల్లో చిక్కుకున్న నీళ్లలో పీతల్నీ నత్తల్నీ తీరిగ్గా చూడొచ్చు.

అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజుల్లో పోటు బాగా ఎత్తుకు వస్తుంది, ఆటు బాగా లోపలికి పోతుంది. అష్టమి ప్రాంతంలో ఆ తేడా తక్కువ. తేడా ఎంతన్నది తీరాన్ని బట్టి మారుతుంది. కెనడాలోని ఫండీ అఖాతంలో 16 మీటర్ల దాకా ఉంటుంది, మధ్యధరా తీరంలో చాలాచోట్ల అర మీటరు కూడా ఉండదు. మీరు వెళ్లే ఊళ్లో తేడా ఎక్కువైతే ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. నీరు ఎక్కే ఆరు గంటల్లో ఎక్కే ఎత్తును 12 పాళ్లు చేస్తే, మొదటి గంటలో 1 పాలు, రెండో గంటలో 2, మూడో గంటలో 3, నాలుగో గంటలో 3, తర్వాత 2, ఆఖర్న 1. అంటే మధ్యలోని రెండు గంటల్లోనే సగం నీళ్లు వచ్చేస్తాయి. మొదటి గంటలో ఏమీ ఎక్కట్లేదని ధీమాగా రాళ్ల దిబ్బ దాకా నడిచినవాళ్లకు వెనక దారి మూసుకుపోయేది అందుకే. అలాంటి చోటికి ఆటు పూర్తికాక ముందే వెళ్లి, నీళ్లు మళ్లేసరికి వెనక్కి తిరిగి వస్తూ ఉండాలి. ఇంకో చిక్కు, వేసవిలో గడియారం గంట ముందుకు జరిపే దేశాల్లో కొన్ని ఆటుపోట్ల పట్టికలు మాత్రం పాత టైంలోనే ఉంటాయి. పట్టిక పైన చిన్న అక్షరాల్లో ఏ టైమో రాసి ఉంటుంది.

కారు లేకపోతే డిక్కీ లేదు. తెచ్చిందంతా రోజంతా భుజాన ఉంటుంది కాబట్టి మనిషికి ఒక్క బ్యాగు, దాని బరువు మీ బరువులో పదో వంతు దాటకూడదు. ఎక్కువ బరువు నీళ్లదే, మనిషికి రెండు లీటర్లంటే రెండు కిలోలు. ఊళ్లో మంచినీళ్లు పట్టుకునే చోటు ఎక్కడుందో ముందే చూసుకుంటే ఒక్క లీటరుతో బయల్దేరొచ్చు. ఒక సీసా ముందు రాత్రి ఫ్రీజర్‌లో పెడితే తినే వాటిని మధ్యాహ్నం దాకా చల్లగా ఉంచుతుంది, ఆ తర్వాత తాగడానికీ పనికొస్తుంది. పైన కొంచెం ఖాళీ వదలండి. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది, నిండుగా పోసిన సీసా పగులుతుంది. మందపాటి టవల్ ఇంట్లో వదిలేసి పల్చటి నూలు తుండు తీసుకెళ్లండి. తడిసినా బరువెక్కదు, బ్యాగు పట్టీకి కట్టుకుంటే నడుస్తూ ఉండగానే ఆరుతుంది.

తిరుగు ప్రయాణానికి ఒక జత పొడి బట్టలు విడిగా కవర్లో చుట్టి బ్యాగు అడుగున పెట్టండి, సాయంత్రం దాకా దాన్ని విప్పొద్దు. ఉప్పునీళ్లలో తడిసిన బట్ట ఎంతసేపు ఎండలో ఆరేసినా పూర్తిగా ఆరదు. అందులో మిగిలిన ఉప్పు గాలిలోని తేమను మళ్లీ పీల్చుకుంటుంది. మంచినీళ్లలో ఒకసారి జాడించి పిండితేనే ఆరుతుంది. ఆ అంటుకునే చెమ్మతో సీట్లో కూర్చుంటే తొడలు ఒరుసుకుపోతాయి.

ఇసుక గురించి అందరూ చేసే పొరపాటు తడి కాళ్లను తుండుతో గట్టిగా రుద్దడం. తడి రేణువుకూ చర్మానికీ మధ్య పల్చటి నీటి పొర ఉంటుంది, రేణువును పట్టి ఉంచేది అదే. రుద్దితే ఇసుక రాలదు, చర్మం గీసుకుపోతుంది. కాళ్లు చాపి ఐదు నిమిషాలు గాలికి ఆరనివ్వండి. తర్వాత అరచేతిలో కొంచెం టాల్కం పౌడర్ వేసుకుని మోకాలి నుంచి కిందికి రాసుకోండి. మిగిలిన చెమ్మను పౌడర్ లాగేసుకుంటుంది, ఇసుక పొడిపొడిగా రాలిపోతుంది. వేళ్ల సందులు ఆఖర్న. పిల్లలకు పౌడర్ మొహం దగ్గర ఎగరకుండా చూడండి. చెప్పులు వేసుకునేది ఇసుక దాటి రాతి నేల మీదికి వచ్చాకే.

ఎండ విషయంలో ఒక్క గుర్తు చాలు. మీ నీడ మీ ఎత్తు కంటే పొట్టిగా ఉందంటే చర్మం కమిలే ఎండ అది. గొడుగు కింద ఉన్నా పూర్తి రక్షణ లేదు, ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో పొడి ఇసుక 15 శాతం దాకా, అలల నురగ 25 శాతం దాకా పైకి తిప్పి కొడతాయి. సన్‌స్క్రీన్ పెద్దవాళ్ల ఒంటికంతటికీ ఒక్కసారికి 30 మిల్లీలీటర్ల పైన పడుతుంది, అంటే ఆరేడు టీ చెంచాలు. రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ రాయాలి. ఈ లెక్కన చిన్న ట్యూబు ఒక్క మనిషికే ఒక్కరోజుకు చాలదు. పొడుగు చేతుల పల్చటి చొక్కా వేసుకుంటే ఖర్చు, బరువు రెండూ తగ్గుతాయి.

నీళ్లలో దిగే ముందు ఐదు నిమిషాలు ఒడ్డున నిలబడి అలల్ని చూడండి. వరసగా విరుగుతున్న అలల మధ్య ఒకచోట మాత్రం అల విరగకుండా, నీళ్లు కాస్త ముదురు రంగులో, ప్రశాంతంగా కనిపిస్తే అక్కడ దిగొద్దు. ఒడ్డుకు చేరిన నీళ్లన్నీ వెనక్కి పోయే దారి అది, దాన్నే రిప్ కరెంట్ అంటారు. లోతు ఎక్కువ కాబట్టి అల అక్కడ విరగదు, చూసేవాళ్లకు అదే నెమ్మదైన చోటులా కనిపిస్తుంది. దాని వేగం ఒక్కోసారి సెకనుకు రెండు మీటర్లు దాటుతుంది, ఆరితేరిన ఈతగాడు కూడా ఎదురీదలేడు. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదకుండా, వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవండి. ఈదగలిగితే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటికి వచ్చాక ఒడ్డు వైపు తిరగండి. నేల మీంచి సముద్రం వైపు గాలి వీచే రోజు నీళ్లు అద్దంలా ఉంటాయి, ఆ రోజు పిల్లలకు గాలి ట్యూబులు ఇవ్వకండి. చూస్తుండగానే లోపలికి కొట్టుకుపోతాయి.

ఎండ రోజుల్లో మధ్యాహ్నానికి గాలి తిరుగుతుంది. నేల నీటి కంటే త్వరగా వేడెక్కి, పైకి లేచిన వేడిగాలి స్థానంలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. గొడుగులు ఎగిరేదీ, అన్నంలో ఇసుక పడేదీ అప్పుడే. భోజనం దానికి ముందే ముగించండి.

ఫోన్‌కు ఎండలో స్క్రీన్ వెలుగు పెరిగి బ్యాటరీ తొందరగా అయిపోతుంది. టికెట్ క్యూఆర్ కోడ్ స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి, రెండు తిరుగు బండ్ల టైములు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. ఫోన్‌కు ఉప్పునీళ్లు తగిలితే ఆరేదాకా ఛార్జింగ్ పెట్టొద్దు. స్టేషన్ లాకర్లో సామాను పెట్టేవాళ్లు లాకర్ గది ఎప్పుడు మూస్తారో పెట్టేటప్పుడే చూసుకోవాలి, ఆఖరు బండి కంటే అది ముందే మూసేయొచ్చు.

సాయంత్రం బండి ఆ ఊళ్లోనే మొదలయ్యేదైతే పావుగంట ముందు వెళ్లిన వాళ్లకు సీటు దొరుకుతుంది. ఎక్కడో మొదలై వచ్చేదైతే ప్లాట్‌ఫాం చివరి వైపు నడవండి, జనం గేటు దగ్గరే గుమిగూడతారు. ఇంటికి చేరిన రాత్రే బ్యాగు జిప్పుల మీద మంచినీళ్లు పోయండి. పొద్దున చూద్దాంలే అని వదిలేస్తే ఉప్పు పళ్ల మధ్య గట్టిపడి జిప్పు కదలదు.