అక్వేరియం నీళ్లు వాటంతటవే మారేలా చేసుకున్న తీరు: నా అనుభవం

హనుమకొండలోని మా ఇంటి అక్వేరియం నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉంటుంది. ఇసుక, రాళ్లు పోను అందులో 220 లీటర్ల దాకా నీళ్లు పడతాయి. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను ఫిల్టరులోని బ్యాక్టీరియా ముందు నైట్రైటుగా, ఆ తర్వాత నైట్రేటుగా మారుస్తుంది గానీ, పేరుకున్న నైట్రేటును తగ్గించాలంటే నీళ్లు మార్చక తప్పదు. వారం వారం 90 లీటర్లు తోడిపోసి మళ్లీ బకెట్లతో నింపడానికి నా నడుము ఒప్పుకోకపోవడంతో వేరే దారి వెతికాను.

మొదట నేను చూసిన ఏర్పాట్లన్నిటిలో తోడడానికి ఒక మోటారు, నింపడానికి మరొకటి, రెంటినీ నడిపే సెన్సర్లు ఉన్నాయి. సెన్సరు మొరాయిస్తే చేపలైనా ఎండాలి, హాలైనా మునగాలి. పోసినంత నీరు ఏ మోటారూ లేకుండా బయటికి పోవాలని, ఏ భాగం చెడినా నష్టం స్వల్పంగానే ఉండాలని నిశ్చయించుకున్నాను. అందుకు మన చెరువుల మత్తడిని, అంటే చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే చోటును, మించిన నమూనా లేదు.

వెనక అద్దంలో, పై అంచుకు కొంచెం దిగువన, రంధ్రం పెట్టించాను. టఫెన్డ్ గాజు అయితే రంధ్రం వేయబోగానే ముక్కలు ముక్కలవుతుంది కనుక, మాది మామూలు గాజేనని తొట్టి చేసిన దుకాణంలో రూఢి చేసుకున్నాకే పని అప్పగించాను. అద్దాల మేస్త్రీ ఖాళీ తొట్టిని పడుకోబెట్టి, గుర్తు చుట్టూ పిండిముద్దతో గట్టు కట్టి, అందులో నీళ్లు పోసి, డైమండ్ కట్టరును ఏమాత్రం బరువు మోపకుండా తిప్పాడు. అవతలి వైపు తేలబోయే ముందు డ్రిల్లును ఇంచుమించు చేతుల మీదే తేల్చి పట్టుకున్నాడు. ఆ రంధ్రానికి రబ్బరు వాషరుతో ట్యాంక్ నిపిల్ బిగించి, లోపలివైపు జాలీ పెట్టి, పైపును పెరట్లోని కరివేపాకు చెట్టు దాకా వాలుగా తీసుకెళ్లాం.

కొత్త నీటిని సన్నగా అందించే డ్రిప్పరు (పొలాల్లో మొక్కలకు చుక్కలు చుక్కలుగా నీరు వదిలేది) కోసం వ్యవసాయ పరికరాల దుకాణానికి వెళ్లాను. “ఎన్నెకరాలకు సారూ?” అన్న దుకాణదారు, నాకు ఒక్క డ్రిప్పరు చాలనేసరికి డబ్బులు తీసుకోవడానికే మొహమాటపడ్డాడు. ఆ డ్రిప్పరుకు గంటకు 4 లీటర్లన్నది పది మీటర్ల నీటి ఎత్తుకు చెప్పే లెక్క. మా ఓవర్‌హెడ్ ట్యాంకు అక్వేరియానికి సుమారు ఐదు మీటర్ల పైన ఉంది. మామూలు డ్రిప్పరులో ధార ఒత్తిడి వర్గమూలాన్ని అనుసరిస్తుంది కాబట్టి 2.8 లీటర్లు రావాలి, కొలపాత్ర పెట్టి చూస్తే దాదాపు అంతే వచ్చింది. రోజుకు ఆరు గంటల చొప్పున వారానికి 118 లీటర్లవుతుంది. కొత్త నీరు పాత నీటితో కలిసి కొంత తానూ పొర్లిపోతుంది కనుక, ఈ 118 లీటర్లు ఒకేసారి మార్చే 90 లీటర్లకే సమానం. డ్రిప్పరును పొర్లు రంధ్రానికి ఎదురు మూలన, నీటి మట్టానికి పైన బిగించాను. పక్కపక్కనే ఉంటే వచ్చిన నీరు వచ్చినట్టే పోతుంది.

నల్లా నీటిలోని క్లోరిన్‌ను విరిచేందుకు ఇదివరకు హైపో అనే మందు వేసేవాణ్ని. ఇప్పుడు మడ్డిని ఆపే ఫిల్టరు, దాని వెనక క్లోరిన్‌ను తొలగించే కార్బన్ బ్లాక్ (బొగ్గు దిమ్మ) ఉన్నాయి; ఇంత సన్నని ధారలో నీరు కార్బన్‌ను తాకే సమయం ఎక్కువ కనుక క్లోరిన్ బాగా పోతుంది. టైమరుతో నడిచే 24 వోల్టుల ఆర్వో వాల్వు (తాగునీటి శుద్ధి యంత్రాల్లో వాడేది) కరెంటు పోతే మూసుకుంటుంది. మా ఎండాకాలంలో ట్యాంకు నీళ్లు సాయంత్రానికి కాగిపోతాయి, తెల్లవారుజామున మాత్రమే కాస్త చల్లబడతాయి. అందుకే వేళను మూడు నుంచి తొమ్మిది వరకు పెట్టాను. వాల్వు తెరిచిన స్థితిలో ఇరుక్కుపోయినా రోజంతటికీ 67 లీటర్లే. అదీ కరివేపాకుకే చేరుతుంది.

జాలీకి ఆకు అడ్డుపడితే మాత్రం ఈ ధీమా అంతా వమ్మవుతుంది, కాబట్టి దాన్ని రోజూ చూస్తాను. ఇసుకలో చేరిన చెత్తను అప్పుడప్పుడు సైఫన్‌తో లాగక తప్పదు. నీటిలోని సున్నంతో డ్రిప్పరు పూడుకుంటే విప్పి వెనిగర్‌లో నానబెడతాను. డ్రిప్పరు దగ్గర పట్టిన నీటిలో క్లోరిన్ పరీక్ష చుక్కలు వేసినప్పుడు ఏ కొంచెం పసుపు కనిపించినా, ఆ రోజే వాల్వు కట్టేసి కార్బన్ బ్లాక్ మారుస్తాను.