ఈరోజు మా కోడ్ బయటికి వెళ్లింది

బుధవారం, రాత్రి

మధ్యాహ్నం 3 గంటలకు బటన్ నొక్కాను. నాలుగేళ్లుగా మా ఆఫీసు దాటి వెళ్లని చిన్న ప్రోగ్రామును ఇప్పుడు ఎవరైనా చదవవచ్చు, వాడుకోవచ్చు, దిద్దవచ్చు. రకరకాల రూపాల్లో వచ్చే బిల్లులను చదివి, తేదీలనూ మొత్తాలనూ ఒకే వరుసలో పెట్టడం దాని పని. అంతకు మించి ఏమీ లేదు. అయినా నొక్కబోయే ముందు గుండె వేగంగా కొట్టుకుంది.

ఆరు నెలల క్రితం ఈ మాట ఎత్తినప్పుడు మా మేనేజర్ ఒకటే అడిగారు: "మన కష్టాన్ని పోటీదారుల చేతికి ఊరికే ఎందుకివ్వాలి?" న్యాయమైన ప్రశ్నే. జీతాలిచ్చి రాయించుకున్న కోడ్ అది. నేను వాదించలేదు. మా ప్రోగ్రాము దేని మీద నిలబడి ఉందో కాగితం మీద గీసి చూపించాను. అడుగున కంప్యూటరును నడిపే లినక్స్, దానిపైన మేము కోడ్ రాసే భాష పైథాన్, డేటాబేసుకు పోస్ట్‌గ్రెస్, ఆపైన 60 దాకా చిన్నా పెద్దా లైబ్రరీలు, అంటే ఇతరులు రాసి అందరూ వాడుకోవడానికి తెరిచి ఉంచిన కోడ్ ముక్కలు. వీటిలో దేనికీ మేము డబ్బు కట్టలేదు. అన్నిటికన్నా పైన, సన్నని గీతలా, మేము రాసిన 2,000 వరుసలు. ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. ఆ రోజు సరే అనలేదు, కాదనీ అనలేదు.

ఇలా తెరిచి ఉంచిన కోడ్ మీద పెద్ద సంస్థల మనసు మారడానికే ఏళ్లు పట్టింది. 2001లో మైక్రోసాఫ్ట్ అప్పటి అధిపతి స్టీవ్ బామర్ లినక్స్‌ను క్యాన్సర్ అన్నారు. 2018లో అదే సంస్థ, అలాంటి కోడ్‌ను ఎందరో ఉంచి పంచుకునే వెబ్‌సైటు గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. లాభం కనిపించింది కాబట్టే మనసు మారిందంటారు. నిజమే కావచ్చు, అందులో నాకు తప్పు కనిపించదు.

మా విషయంలో లాభం ముందే కనిపించింది, అదీ ఎవరూ ఊహించని చోట. బయటివాళ్లు చదువుతారని తెలిసేసరికి అందరం పాత ఫైళ్లు తెరిచి కూర్చున్నాం. ఒకదానిలో డేటాబేసు పాస్‌వర్డ్ పచ్చిగా రాసి ఉంది! నాలుగేళ్లలో మాలో ప్రతి ఒక్కరూ ఆ ఫైలు చూసినవాళ్లమే. ఆ వరుస చెరిపేస్తే చాలదు, పాత మార్పుల చరిత్రలో అది అలాగే ఉండిపోతుంది. అందుకే పాస్‌వర్డ్ మార్చి, ఆ చరిత్రను వదిలేసి, శుభ్రమైన ప్రతితో మొదలుపెట్టాం. రెండు వారాలు పట్టింది. ఈ నాలుగేళ్లలో మేము చేసిన మంచి పని ఇదేనని నా నమ్మకం.

సాయంత్రం మేనేజర్ నా బల్ల దగ్గరికి వచ్చారు. ఎవరైనా చూశారా అని అడుగుతారనుకున్నాను. ఆయన మాత్రం ఆ పాత కాగితం తీశారు, ఇన్నాళ్లూ దాచుకున్నారన్నమాట. "ఈ 60లో ఒక్క మనిషి మీద నడుస్తున్నవి ఎన్ని?" అన్నారు.

2024 నాటి ఎక్స్‌జెడ్ సంగతి చెప్పాను. ఎన్నో సర్వర్లలో ఉండే ఆ చిన్న లైబ్రరీ భారం ఏళ్ల తరబడి దాదాపు ఒక్కరి మీదే ఉండేది. అలసిపోయిన ఆ మనిషికి సాయం చేస్తానంటూ చేరినవాడు, నమ్మకం సంపాదించి, అందులో దొంగదారి పెట్టాడు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వి దాన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు. ఆయన మైక్రోసాఫ్ట్ ఉద్యోగి. కోడ్ తెరిచి ఉండబట్టే అంత లోతుకు వెళ్లగలిగారు. కానీ ప్రతిసారీ అలాంటివారు దొరుకుతారా?

"ఆ జాబితా రేపు ఇవ్వండి. వారానికి కొన్ని గంటలు మనవాళ్లు వాటికి పనిచేయవచ్చేమో చూద్దాం," అన్నారు. మన కష్టం గురించి అడిగిన మనిషి!

భోజనం కాగానే మొదలుపెట్టాను. ఇప్పటికి 11 తేలాయి. మా బిల్లుల తేదీలను చదివే లైబ్రరీ కూడా వాటిలో ఉంది.