వారానికి ఒక్క రోజుతో 1200 గంటల చదువు: ఇంగ్లండ్ డిగ్రీ అప్రెంటిస్‌షిప్ లెక్కలు

ఇంగ్లండ్‌లో డిగ్రీ అప్రెంటిస్‌షిప్ (కంపెనీలో ఉద్యోగం చేస్తూనే డిగ్రీ చదివే పద్ధతి) అనగానే మనవాళ్ళ నోట రెండు మాటలు వినిపిస్తాయి: ఫీజు లేదు, జీతం వస్తుంది. రెండూ నిజమే. 2015లో మొదలైన ఈ పద్ధతిలో విశ్వవిద్యాలయం ఫీజులో ఒక్క పౌండు కూడా అప్రెంటిస్ కట్టక్కర్లేదు. ఏడాదికి 30 లక్షల పౌండ్లకు మించి జీతాలిచ్చే కంపెనీలు 2017 ఏప్రిల్ నుంచి జీతాల బిల్లు మీద 0.5 శాతం లెవీ (అప్రెంటిస్‌ల శిక్షణ కోసం వసూలు చేసే పన్ను) కడుతున్నాయి, ఫీజు ఆ ఖాతాలోంచి వెళ్తుంది. ఎవరూ పెద్దగా పట్టించుకోనిది గంటల లెక్క. మధ్యలో చేతులెత్తేసేవాళ్ళలో చాలామందికి తెలివి తక్కువై కాదు, ఈ లెక్క చేరేముందు వేసుకోకపోవడం వల్లే ఆ పరిస్థితి వస్తుంది.

లెక్క ఇదీ. ఆనర్స్ డిగ్రీకి 360 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కు 10 గంటల చదువు అని అక్కడి విశ్వవిద్యాలయాల కొలమానం. మూడేళ్ళ కోర్సులో ఏడాదికి 120 క్రెడిట్లు, అంటే 1200 గంటలు. ఇక కంపెనీ ఇచ్చే సమయం చూద్దాం. వారానికి ఒక స్టడీ డే, ఏడున్నర గంటలు. చట్టప్రకారం వచ్చే 5.6 వారాల సెలవులు తీసేస్తే ఏడాదికి 46.4 పని వారాలు మిగులుతాయి. గుణిస్తే 348 గంటలు. ఇంకా 850 గంటలు తేలాలి. అదంతా రాత్రిళ్ళూ వారాంతాల్లోనే చదవాలంటే వారానికి 18 గంటలు పైమాటే. నాలుగు రోజుల ఉద్యోగం మీద అదనంగా అంత చదువు మూడేళ్ళు లాగడం మనిషికి సాధ్యమయ్యే పని కాదు.

అసలు కోర్సును అలా లాగమని ఎవరూ తయారు చేయలేదు. ఆ 850లో గణనీయమైన భాగం ఆఫీసు డెస్కు దగ్గరే జరగాలి, అంటే ఉద్యోగంలో చేసే ప్రాజెక్టే అసైన్‌మెంట్ కావాలి. ఏడాదికి 40 క్రెడిట్లు ఇలా పని మీదే సాగితే 400 గంటలు తగ్గుతాయి. మిగిలేది వారానికి పది గంటలకు కాస్త తక్కువ. అదే కోర్సును నాలుగేళ్ళకు, ఏడాదికి 90 క్రెడిట్ల చొప్పున పరిచి, అందులో 30 పని మీద చేస్తే సొంత సమయంలోంచి పోయేది వారానికి ఐదున్నర గంటలు. రెండు కంపెనీల నుంచి ఆఫర్లు వస్తే జీతంలో వెయ్యి పౌండ్ల తేడా కన్నా ముందు ఈ రెండూ అడగండి: కోర్సు ఎన్నేళ్ళు, వర్క్ బేస్డ్ మాడ్యూళ్ళు (పని మీదే సాగే పాఠ్యభాగాలు) ఎన్ని క్రెడిట్లు?

స్టడీ డే కంపెనీ దయాదాక్షిణ్యం కాదు, అప్రెంటిస్‌షిప్‌కు డబ్బిచ్చే ప్రభుత్వ నిధుల నిబంధన. దీన్ని ఆఫ్ ద జాబ్ ట్రైనింగ్ అంటారు. 2022 ఆగస్టు నుంచి 2025 జులై మధ్య చేరిన ఫుల్ టైమ్ వాళ్ళకు సగటున వారానికి కనీసం 6 గంటలు. 2025 ఆగస్టు 1 తర్వాత చేరినవాళ్ళకు ఒక్కో అప్రెంటిస్‌షిప్ స్టాండర్డ్‌కు (ఆ ఉద్యోగానికి ఏమేం నేర్చుకోవాలో చెప్పే అధికారిక పత్రం) ఇన్ని గంటలని విడిగా ప్రకటించారు. మీ అంకె మీ ట్రైనింగ్ ప్లాన్‌లో ఉంటుంది, సంతకం పెట్టేముందు వెతికి చూడండి. ఈ గంటలు జీతం వచ్చే పని వేళల్లోనే జరగాలి. క్లాసు సాయంత్రమో శనివారమో పడితే ఆ మేరకు సమయం తిరిగివ్వాలి, లేదా డబ్బివ్వాలి. క్లాసులు, వర్క్‌షాపులు, సీనియర్ పక్కన కూర్చుని కొత్త పని నేర్చుకోవడం, అసైన్‌మెంట్ రాయడం, అన్నీ లెక్కలోకి వస్తాయి. ప్రోగ్రెస్ రివ్యూ మీటింగులు రావు. ముందే వచ్చిన పనిని మళ్ళీ చేసినా రాదు, కొత్తగా నేర్చుకున్నదే లెక్క.

కాగితం మీద ఇంత గట్టిగా ఉన్న రోజు ఆచరణలో ఎలా జారిపోతుంది? మేనేజర్ దుర్మార్గుడై కాదు. "ఒక్క అరగంట కాల్, అంతే" అంటూ మొదలవుతుంది. ఆ అరగంట పొద్దున పదకొండింటికి పడిందంటే పూట పోయినట్టే, రాసే పని తెగితే మళ్ళీ దారిలో పడటానికి గంట పడుతుంది. అందుకని క్యాలెండర్లో ఆ రోజును బిజీ అని కాక ఔట్ ఆఫ్ ఆఫీస్ అని, కోర్సు చివరి వారం దాకా రిపీట్ అయ్యేలా పెట్టండి. బిజీ అని ఉన్న చోట మీటింగులు పెట్టడానికి ఎవరూ జంకరు. ఆ రోజు అత్యవసరమైతే ఎవర్ని అడగాలో ఒక పేరు ఆటో రిప్లైలో రాయండి. పేరు లేకపోతే ఫోన్ మీకే వస్తుంది. ఎప్పుడైనా రోజు మార్చక తప్పకపోతే సరేననే ముందే అదే వారంలో బదులు రోజు క్యాలెండర్లో పడాలి. "తర్వాత చూసుకుందాం" అన్న రోజు తిరిగి రాదు.

పెద్ద కంపెనీల్లో ఇంకో చిక్కు రొటేషన్. ఆర్నెల్లకో ఏడాదికో టీమ్ మారుస్తారు, దాంతో లైన్ మేనేజరూ మారతారు. పాత మేనేజర్‌తో కుదిరిన ఒప్పందాలేవీ కొత్తవాళ్ళకు తెలియవు. మొదటి వారంలోనే ఒక పేజీ మెయిల్ పంపండి: స్టడీ డే ఏది, ఈ టర్మ్ గడువులు ఏ తేదీల్లో ఉన్నాయి, వచ్చే మాడ్యూల్‌కు ఎలాంటి పని కావాలి, తర్వాతి రివ్యూ ఎప్పుడు. టీమ్ మారే తేదీ మాడ్యూల్ మధ్యలో పడుతుంటే ముందే ఎర్లీ కెరీర్స్ టీమ్‌తో (కంపెనీలో అప్రెంటిస్‌ల సంగతి చూసే విభాగం) మాట్లాడి నెల అటో ఇటో జరపమనండి. డేటా ఒక టీమ్‌లో, మీరు ఇంకో టీమ్‌లో ఉంటే రిపోర్టు సగంలో యాక్సెస్ పోతుంది. ఇది తరచూ జరిగేదే.

యాక్సెస్ అంటే గుర్తొచ్చింది, అసైన్‌మెంట్లు ఆలస్యమయ్యేది చాలాసార్లు రాయడం దగ్గర కాదు, అనుమతి దగ్గర. కంపెనీ డేటాను విశ్వవిద్యాలయానికి చూపించాలంటే మేనేజర్, డేటా ప్రొటెక్షన్ వాళ్ళు, ఒక్కోసారి లీగల్ కూడా ఒప్పుకోవాలి. దానికి రెండు మూడు వారాలు పడుతుందనుకుని గడువు నుంచి వెనక్కి లెక్కేయండి. ఆరు వారాల ముందు టాపిక్ ట్యూటర్‌తో ఖాయం చేసుకుని అదే రోజు అనుమతి అడగాలి. మూడు వారాల ముందు డేటా చేతిలో ఉండాలి. పది రోజుల ముందు మొదటి డ్రాఫ్ట్. వారం ముందు మేనేజర్ చదివి కస్టమర్ల పేర్లు, అంకెలు ఏవైనా బయటికి పోతున్నాయేమో చూడాలి. కంపెనీ పేరు తీసేస్తే సరిపోదు, వివరాలను బట్టి ఎవరైనా పోల్చుకోగలిగితే అది దాచినట్టు కాదు. అసలు అంకెలు ఇవ్వనంటే శాతాలుగానో ఇండెక్స్‌గానో మార్చి వాడతామని మీరే ప్రతిపాదించండి, చాలామంది అక్కడ ఒప్పుకుంటారు.

పని ఒత్తిడి వల్ల గడువు పొడిగించమంటే చాలా విశ్వవిద్యాలయాలు మామూలుగా ఒప్పుకోవు. కోర్సు హ్యాండ్‌బుక్‌లో ఆ పేజీ మొదటి నెలలోనే చదివి పెట్టుకోవడం మంచిది. ఫైనాన్స్ టీమ్‌లో ఉంటే ఇయర్ ఎండ్ క్లోజింగ్, రిటైల్‌లో ఉంటే నవంబరు, డిసెంబరు, ఇవన్నీ ముందే తెలిసిన తేదీలు. అందరికీ సెలవులున్న వేసవిలో అప్రెంటిస్‌కు ఉండవన్న సంగతి కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి. యాన్యువల్ లీవ్ అంతా ఆగస్టులో వాడేసి, జనవరి పరీక్షలకు ఒక్క రోజూ మిగలక ఇబ్బందిపడేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. ఐదు రోజులు పక్కన పెట్టండి. స్టడీ లీవ్ విడిగా ఇస్తారేమో కంపెనీ పాలసీలో చూడండి.

ఇక లాగ్, అంటే శిక్షణ గంటల చిట్టా. వన్‌ఫైల్, ఆప్టెమ్, బడ్ లాంటి ఏదో ఒక పోర్టల్లో గంటలు నమోదు చేయాలి. మూడు నెలలవి ఒకేసారి రాస్తే అవి అచ్చం అలాగే కనిపిస్తాయి. "డేటాబేస్ గురించి నేర్చుకున్నాను, 3 గంటలు" అన్న ఎంట్రీ తర్వాత దేనికీ పనికిరాదు. "నెమ్మదిగా నడుస్తున్న క్వెరీకి ఎగ్జిక్యూషన్ ప్లాన్ చదవడం సీనియర్ దగ్గర నేర్చుకున్నాను, ఇండెక్స్ పెట్టాక తగ్గిన సమయం స్క్రీన్‌షాట్‌లో ఉంది, రెండున్నర గంటలు" అని రాస్తే అదే రేపు పోర్ట్‌ఫోలియోలో ఆధారం. స్టడీ డే సాయంత్రం పదిహేను నిమిషాలు దీనికే పెట్టండి. పక్కనే ఇంకో షీటు ఉండాలి: స్టాండర్డ్‌లోని నాలెడ్జ్, స్కిల్స్, బిహేవియర్స్ ఒక్కొక్కటి ఒక్కో వరుస, ఎదురుగా తేదీ, ఆధారం. మొదటి ఏడాది చివర ఏ వరుసలు ఖాళీగా ఉన్నాయో చూస్తే తర్వాతి రొటేషన్ ఏ టీమ్‌లో అడగాలో దానంతటదే తెలుస్తుంది.

మీరు, మేనేజర్, ట్యూటర్ ముగ్గురూ కూర్చునే ప్రోగ్రెస్ రివ్యూ దాదాపు 12 వారాలకోసారి వస్తుంది. చాలామంది అక్కడ "అంతా బాగానే ఉంది" అని లేచి వచ్చేస్తారు. పోయిన స్టడీ డేల జాబితా బయటపెట్టడానికి అంతకన్నా మంచి చోటు లేదు, ఎందుకంటే అక్కడ రాసింది రికార్డులో ఉంటుంది. గంటలు తగ్గితే నిధుల ఆడిట్‌లో జవాబు చెప్పాల్సింది విశ్వవిద్యాలయం, అందుకని ట్యూటర్ మీ పక్షానే మాట్లాడతారు.

ఇల్లలకగానే పండగ కాదన్నట్టు, మాడ్యూళ్ళన్నీ పాసైనంత మాత్రాన అప్రెంటిస్‌షిప్ పూర్తవదు. గేట్‌వే (పరీక్షకు సిద్ధమేనా అని చూసే దశ) దాటి ఎండ్ పాయింట్ అసెస్‌మెంట్, అంటే చివరి పరీక్ష, ఇవ్వాలి. చాలా స్టాండర్డ్‌లలో అది పని మీద చేసిన ప్రాజెక్టు, పోర్ట్‌ఫోలియో ఆధారంగా సాగే ప్రొఫెషనల్ డిస్కషన్. ఈ పరీక్ష డిగ్రీలోనే భాగమైన ఇంటిగ్రేటెడ్ కోర్సయితే ఇది పూర్తి కాకుండా డిగ్రీ చేతికి రాదు. చివరి ఆర్నెల్లలో టీమ్ మారకుండా చూసుకోండి.

డబ్బు సంగతి రెండు ముక్కలు. కౌన్సిల్ టాక్స్‌లో (ఇంటి మీద స్థానిక సంస్థకు కట్టే పన్ను) అప్రెంటిస్ మినహాయింపు వారానికి 195 పౌండ్లు మించని జీతానికే, పెద్ద కంపెనీ జీతానికి అది వర్తించదు, అద్దె బడ్జెట్లో ఆ పన్ను కలుపుకోండి. మధ్యలో మానేస్తే ట్రైనింగ్ ఖర్చు తిరిగి కట్టాలని కాంట్రాక్టులో ఉంటే ఎర్లీ కెరీర్స్ వాళ్ళకు రాతపూర్వకంగా చూపించండి, అప్రెంటిస్ దగ్గర ఆ ఖర్చు వసూలు చేయడాన్ని నిధుల నిబంధనలు ఒప్పుకోవు.

ఆరోగ్యం బాగోకపోయినా, ప్రసూతి సెలవు అవసరమైనా మానేయాల్సిన పని లేదు, బ్రేక్ ఇన్ లెర్నింగ్ అడగొచ్చు. ఆగిన కాలం మేరకు ముగింపు తేదీ జరుగుతుంది. కంపెనీయే ఉద్యోగం తీసేస్తే కొత్త యజమానిని వెతుక్కోవడానికి 12 వారాల దాకా శిక్షణ కొనసాగించవచ్చు. 75 శాతం పూర్తయి ఉంటే, లేదా ఆరు నెలల లోపే మిగిలి ఉంటే, కొత్త ఉద్యోగం దొరక్కపోయినా పూర్తి చేసేదాకా నిధులు అందే వీలుంది. రిడండెన్సీ (ఉద్యోగాల కోత) మాట వినపడిన రోజే ట్యూటర్‌కు మెయిల్ పెట్టండి, లాగ్‌నూ పోర్ట్‌ఫోలియోనూ కంపెనీ అనుమతించిన మేరకు విశ్వవిద్యాలయం పోర్టల్లోకి ఎక్కించండి. ఆఫీసు ల్యాప్‌టాప్ వెనక్కి ఇచ్చేశాక అందులో ఉన్న ఆధారాలు మళ్ళీ చేతికి రావు.