చౌరస్తా మీద ఒక గంట

నిన్న సాయంత్రం హన్మకొండ చౌరస్తా దగ్గర మా దోస్తు వాళ్ల డాబా మీద ట్రైపాడ్ పెట్టాను. ఐదు సెకన్లకో ఫొటో, గంటసేపు. అంటే 720 ఫొటోలు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన టైమ్‌ల్యాప్స్ వీడియో చేస్తే వచ్చింది అర నిమిషం!

పోయిన వారం భద్రకాళి చెరువు కట్ట మీద తీసిందంతా పాడైంది. కెమెరా ఆటో మోడ్‌లో ఉండిపోయింది. మబ్బు అడ్డం వచ్చినప్పుడల్లా వెలుగును అదే మార్చేసుకుంది, వీడియో అంతా మిణుకుమిణుకు. నిజంగా ఏడుపొచ్చింది. ఈసారి ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి), అపర్చర్ (లెన్స్ రంధ్రం సైజు), ఫోకస్, వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) అన్నీ మాన్యువల్‌లో, అంటే నేనే చేత్తో పెట్టి మళ్లీ ముట్టుకోలేదు. చీకటి పడుతుంటే షటర్ తెరిచి ఉండే సమయం ఒక్కటే కొంచెం కొంచెం పెంచుతూ అర సెకను దాకా తెచ్చాను. టెన్షన్‌తో చేతులు వణికాయి. కానీ అప్పుడే బస్సుల, ఆటోల లైట్లు ఎర్రటి గీతలై సాగడం మొదలైంది.

మూలన మిర్చి బండి ఆయన మాత్రం ఉన్నచోటే ఉన్నాడు. చుట్టూ ఊరంతా వాగులా పారుతుంటే ఆయన బల్బు ఒక్కటే నిలకడగా వెలుగుతోంది, కింద నూనె మూకుడు మీద పొగ. ఆ నాలుగు సెకన్లు ఎన్నిసార్లు చూశానో!

ఆదివారం పొద్దున్నే వరంగల్ ఖిలాలో కాకతీయ తోరణాల దగ్గరికి పోతున్నా. ఎవరైనా వస్తారా?